బీరువాలో 14 బేబ్లేడ్లు

టీచరమ్మకో ఉత్తరం

పిల్లలు బడికి తెచ్చే బొమ్మల గురించి పోయిన నెల ఇక్కడ నాలుగు మాటలు రాశాను. బొమ్మ చూడగానే లాక్కోకండి, దాంతో ఒక పాఠం అయినా చెప్పి చూడండి అన్నాను, అంతే. పరీక్షల మీద రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది తిట్టారు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాటిలో కొన్నిటికి ఈసారి జవాబిస్తున్నాను. 31 ఏళ్లు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో చేశాను, ఎక్కువ కాలం పెన్నకి అటూ ఇటూ ఉన్న ఊళ్లలోనే. నాకున్న అర్హత అదొక్కటే. నచ్చింది తీసుకోండి, నచ్చనిది వదిలేయండి.

ప్రశ్న: ఒకటి, రెండు తరగతులు నావే. మొత్తం 26 మంది. సగం మంది జేబుల్లో బేబ్లేడ్లే, అవే ఈ కాలపు బొంగరాలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, లాక్కుని బీరువాలో పెడుతున్నాను. ఇప్పటికి 14 అయ్యాయి. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్ల కాంప్లెక్స్ మీటింగులో బొమ్మలతో పాఠాలు చెప్పాలన్నారు. ఈ గోలలో పాఠమెక్కడ చెప్పేది మేడం?
– ఒక ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల) మాస్టారు, ఆత్మకూరు దగ్గర

జవాబు: మాస్టారూ, ముందు ఆ బీరువా తాళం తీయండి. మీకు కావలసిన టీఎల్ఎం, అంటే పాఠం చెప్పే సామగ్రి, అంతా అందులోనే ఉంది. చార్టుల ఖర్చు కూడా మిగిలింది.

నేనూ మొదట లాక్కున్నదాన్నే. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఇద్దరు కలబడుతుంటే విడదీయడానికి వెళ్లాను. "నాది నలభై లెక్కపెట్టిందాకా తిరిగింది టీచర్" అన్నాడు ఒకడు. "నాది ఇరవై అయిదే, కానీ నాదే ఎక్కువసేపు తిరిగింది" అన్నాడు రెండోవాడు. నలభై కంటే ఇరవై అయిదు ఎక్కువెట్టా అయిందిరా అన్నాను. "వాడు గబగబా లెక్కబెడతా ఉండాడు టీచర్. నేను నిదానంగా లెక్కబెట్టినా" అన్నాడు వాడు. నాకు తిట్టడానికి నోరు రాలేదు. కొలతకి అందరికీ ఒకటే ప్రమాణం ఎందుకుండాలో జాన, మూర, అడుగు అంటూ నేను రెండు రోజులు చెప్పే పాఠం అది. వాడు ముక్కు తుడుచుకుంటూ ఒక్క మాటలో చెప్పేశాడు.

ఆఫీసు గదిలో గోడ గడియారం దించి తెచ్చి వరండాలో పెట్టాం. సెకన్ల ముల్లు చూడటం ఇద్దరు పిల్లల పని. ఒక్కో బేబ్లేడ్‌ని మూడుసార్లు తిప్పాలి, మూడింటిలో పెద్దది లెక్కలోకి తీసుకోవాలి. ఈ నియమం నేను పెట్టింది కాదు, వాళ్లలో వాళ్లే అరుచుకుని పెట్టుకున్నారు. నేల మీద సుద్దముక్కతో ఒక్కొక్కరికి ఒక పట్టీ గీయించాను. అయిదు సెకన్లకి ఒక గడి. సాయంత్రానికి వరండా పొడుగునా పట్టీలే. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ, ఎంత తేడా అన్నీ కళ్లముందే ఉన్నాయి. పై తరగతులకి వెళ్లాక కమ్మీ చిత్రం అని పేరు పెట్టి నేర్పేది దీన్నే.

ఇక అక్షరాల సంగతి. పట్టీ కింద ఎవరి బేబ్లేడ్ పేరు వాళ్లే రాయాలన్నాను. పులి, రాకెట్, సునామీ, గిత్త... రకరకాల పేర్లు. దసరా సెలవుల దాకా తన పేరు కూడా పూర్తిగా రాయని పిల్లోడొకడు నా కొంగు పట్టుకుని "లి ఎట్టా రాయాలి టీచర్" అని అడిగాడు. "ల" రాసి గుడి పెట్టి చూపించా. అది పలక మీద పదిసార్లు దిద్దుకుని, పోయి నేల మీద "పులి" అని రాసి, ఎవరూ తొక్కకుండా పక్కన కాపలా కూర్చున్నాడు.

మీ 26 మందిలో బేబ్లేడ్ లేనివాళ్లుంటారు కదా. వాళ్ల సంగతి ముందే చూసుకోండి, లేకపోతే ఇదంతా ఉన్నవాళ్ల పండగ అవుతుంది. కూల్‌డ్రింకు మూతకి నడిమధ్య కంత పెట్టి, చెక్కిన పుల్ల దూరిస్తే బొంగరం. కంత నడిమధ్య పడకపోతే అది తూలుతుంది, వెంటనే పడుతుంది. మరి నడిమధ్య ఎక్కడో ఎట్టా తెలిసేది? మూతని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, కత్తిరించి, సగానికి ఒకసారి, మళ్లీ ఇంకోవైపు సగానికి ఒకసారి మడవమనండి. రెండు మడతలూ కలిసిన చోటే నడిమధ్య. మా బడిలో మూత బొంగరాలవాళ్లు ఆ మాట వాళ్లంతట వాళ్లే కనిపెట్టామని ఇప్పటికీ అనుకుంటుంటారు. అనుకోనిద్దాం.

బేబ్లేడ్ విదేశీ చెత్త అనేవాళ్లకి ఒక ముచ్చట. ఇది జపాన్‌లో 1999లో మొదలైంది. అక్కడి పాత బొంగరం బేగోమా దీనికి మూలం. ఆ బేగోమాని మొదట్లో సముద్రపు గుల్లల్లో ఇసుక నింపి, మైనంతో మూసి చేసేవాళ్లట. సముద్రం ఒడ్డున మైపాడు వైపు బడిలో ఈ మాట చెప్పానో లేదో, తెల్లారి పిల్లలు గుల్లలు జేబుల నిండా వేసుకొచ్చారు. ఒక్కటీ సరిగ్గా తిరగలేదు. నెల రోజులు ప్రయత్నించారు.

రెండు జాగ్రత్తలు. ఆట ఏ గంటలో ఉంటుందో పొద్దున్నే చెప్పేయండి, మిగతా గంటల్లో బొమ్మలు మీ బల్ల మీద ఉంటాయి. బల్ల మీద, బీరువాలో కాదు. కనపడుతుంటే పిల్లలు కుదురుగా ఉంటారు. ఇక మొదటి పది నిమిషాలు వాళ్లని ఊరికే ఆడుకోనివ్వండి. ఆ పది నిమిషాలూ మీరు నోరు తెరవకూడదు. మనం టీచర్లం కదా, ఇదే అన్నిటికంటే కష్టం. పక్క తరగతివాళ్లకి గోల గురించి ముందే చెప్పిపెట్టండి, పాపం వాళ్లకెందుకు టెన్షన్.

ప్రశ్న: మా స్కూల్లో మేనేజ్‌మెంట్ ఖరీదైన బ్లాకుల సెట్లు కొన్నది. అద్దాల బీరువాలో ఉంటాయి. వారమంతా బాగా రాసినవాళ్లకి శుక్రవారం చివరి పీరియడ్‌లో ఇస్తాం. ఇస్తే పిల్లలు తుపాకులు చేసి డిష్యుం డిష్యుం అంటారు తప్ప మేం చెప్పిన ఆకారాలు చేయరు. వీటిని మూడు, నాలుగు తరగతుల లెక్కలకి ఎలా వాడాలి?
– ఒక ప్రైవేటు స్కూలు టీచర్, ఒంగోలు

జవాబు: అమ్మా, తుపాకుల కంటే మీ శుక్రవారం నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఎందుకో చెప్తాను. నా ఉద్యోగం మొదట్లో కీ ఇస్తే డప్పు కొట్టే కోతిబొమ్మ ఒకటి కొన్నాను. బల్ల మీద పెట్టి, ఎక్కాలు తప్పులేకుండా చెప్పినవాళ్లకి కీ తిప్పే ఛాన్స్ అన్నాను. నెల తిరిగేసరికి తిప్పింది ముగ్గురే, ఎప్పుడూ ఆ ముగ్గురే. కొత్తగా చేరిన పిల్ల ఆ బొమ్మ వైపు చేయి చాస్తే వెనక వరసలోంచి ఒకడు "అది మనకి కాదులే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఊరికే సమాచారం చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు సాయంత్రం కోతిని ఇంటికి తీసుకెళ్లిపోయాను. బొమ్మని ఎరగా వేలాడదీస్తే, ఎవరికి దాంతో ఎక్కువ పనుందో వాళ్లకే అది అందదు. ఎక్కాలు రానివాడికే కదా చేతిలో వస్తువు పెట్టి చెప్పాల్సింది?

అద్దాల బీరువా వదిలేసి గంపలో పోయండి. పోయినా పర్వాలేదు, ఎన్ని పోయాయో లెక్కపెట్టడం కూడా లెక్కే.

ఇప్పుడు తుపాకులు. చేసుకోనివ్వండి. చేసినవాడి దగ్గరికెళ్లి, దీనికి ఎన్ని బ్లాకులు పట్టాయి, పెద్దవెన్ని, చిన్నవెన్ని, పెద్దది మూడు రూపాయలు చిన్నది రూపాయిన్నర అయితే నాకు బిల్లు రాసివ్వు అనండి. పక్కవాడు తక్కువ ఖర్చులో చేస్తానని పోటీకొస్తాడు. రెండు వారాల్లో తుపాకుల మోజు తగ్గి లారీలు, రొయ్యల చెరువులో తిరిగే చక్రాలు మొదలవుతాయి. నా అనుభవం ఇది. మీకు మూడు వారాలు పట్టొచ్చు.

నాలుగో తరగతికి నేనిచ్చిన పని ఒకటి చెప్తాను, ఇది మాత్రం తప్పకుండా చేయించండి. నెత్తి మీద ఎనిమిది బొడిపెలుండే బ్లాకు ఉంటుంది చూశారా, నాలుగేసి రెండు వరసలు. ఒకే రంగువి రెండు ఇచ్చి, ఒకదాని మీద ఒకటి ఎన్ని రకాలుగా అతకవచ్చో కనుక్కోమనండి. చేసిన ప్రతి రకాన్నీ గళ్ల నోటుబుక్కులో గీయాలి. మొదటి రోజు పిల్లలు పది, పన్నెండు దగ్గర ఆగారు. రెండో రోజు అడ్డంగా పెట్టొచ్చని ఒక పిల్ల కనిపెట్టింది, ముప్పై దాటేశారు. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "ఇదీ అదీ ఒకటే, తిప్పి చూడు" అంటుంది ఒక పిల్ల, "గీస్తే వేరేగా ఉందిగా" అంటాడు ఇంకొకడు. రెండింటినీ చేతిలో పట్టుకుని, తిప్పి, పక్కపక్కన పెట్టి, ఒకటే అని తేలినవి కొట్టేస్తూ పోయారు. నాలుగు రోజులు పట్టింది. చివరికి ఇరవై ఒకటి మిగిలాయి. మొత్తం 24 అని నాకు తెలుసు, చెప్పలేదు. సోమవారం ఒకడు ఆదివారం పూట అగ్గిపెట్టెలతో చేసి చూశానని ఇంకో రెండు పట్టుకొచ్చాడు. ఆ చివరిది ఎవరికీ దొరకలేదు. బడి మారాక కూడా ఇద్దరు దాని గురించి అడిగారు.

అవే బ్లాకులు ఆరు ఇస్తే ఎన్ని రకాలో తెలుసా? 91,51,03,765. ఇది కంప్యూటరుతో లెక్కగట్టిన సంఖ్య. బోర్డు మీద రాసి, కామాలు లేకుండా ఒకసారి, కామాలతో ఒకసారి చదివించండి. తొంభై ఒక్క కోట్ల యాభై ఒక్క లక్షల మూడు వేల ఏడు వందల అరవై అయిదు. స్థానవిలువలకి ఇంతకంటే మంచి సంఖ్య నాకు పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ దొరకలేదు, ఎందుకంటే ఇది దేని లెక్కో పిల్లలకి తెలుసు.

అన్నట్టు చిన్న లోహపు కార్లు తెచ్చే పిల్లలుంటే అయిదో తరగతికి వాడండి. వాటిలో చాలావరకు 1:64 స్కేలులో, అంటే అసలు కారులో 64వ వంతు పొడవుతో చేస్తారు. రోడ్డు మీద 4 మీటర్ల కారు అరచేతిలో ఆరుంపావు సెంటీమీటర్లు అవుతుంది. స్కేలు పెట్టి బొమ్మకారు కొలిచి, 64తో గుణించి, బయట ఆగిన అసలు కారు పక్కన టేపు పట్టి చూడమనండి. కచ్చితంగా సరిపోకపోవచ్చు. ఎందుకు సరిపోలేదో వాళ్లే తగువు పెట్టుకుంటారు, మీరు టీ తాగొచ్చు.

ప్రశ్న: మా బాబు యూకేజీ. స్కూల్లో ఎప్పుడడిగినా వంటసామాన్ల బొమ్మలతో ఆడామంటాడు. పలక మీద రాయించడం లేదు. పక్కింటి పిల్లాడు వేరే స్కూల్లో వంద దాకా రాస్తున్నాడు. ఫీజు కట్టి ఆటలు నేర్పిస్తున్నామా అని మావారు గొడవ.
– ఒక తల్లి, కావలి

జవాబు: తల్లీ, మీవారి కోపంలో సగం న్యాయం ఉంది. బొమ్మలు ముందు కుమ్మరించి టీచరమ్మ ఫోను చూసుకుంటూ కూర్చుంటే అది పాఠం కాదు. కాబట్టి ఒకరోజు వెళ్లి చూడండి. బాబు ఆడుతుంటే టీచర్ పక్కన కూర్చుని మాట్లాడుతోందా, ప్రశ్న అడుగుతోందా అన్నది చూడండి. అడుగుతుంటే మీ డబ్బు ఎక్కడికీ పోలేదు.

నా మొదటి వంటసామాన్ల సెట్ నెల్లూరు రొట్టెల పండగ అంగళ్లలో కొన్నాను. స్వర్ణాల చెరువు దగ్గర, చదువు రావాలని మొక్కుకుని పుచ్చుకునే చదువు రొట్టె పట్టుకుని వచ్చే దారిలో, మా పిల్లల చదువు రొట్టె ఇదే అనుకుని కొన్నా. దాంతో ఏం చేశానంటే, నీళ్లు పోయించడం. పొడుగు గ్లాసొకటి, వెడల్పు గిన్నొకటి. ఒకే లోటాతో రెండింట్లోనూ సమానంగా పోసి, ఎందులో ఎక్కువున్నాయి అని అడిగితే అయిదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసే చూపిస్తారు. వాళ్లే పోశారు, వాళ్ల కళ్లముందే పోశారు, అయినా అంతే. ఇది మొద్దుతనం కాదు, వయసు. జీన్ పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన దీన్ని జీవితమంతా గమనించాడు. ఏడేళ్లొచ్చే దాకా చాలామందికి ఇది పట్టుబడదు. పోసీ, ఒంపీ, మళ్లీ పోసీ తెలుసుకోవాలి, వినడం వల్ల రాదు. వంద దాకా రాసే పక్కింటి బాబుని కూడా ఒకసారి అడిగి చూడండి. మీవారి ముందు అడగండి.

ఇంట్లో మీ అత్తగారి దగ్గర పాత సోల, తవ్వ కొలపాత్రలుంటే బియ్యంతో ఆడనివ్వండి. రెండు సోలలు ఒక తవ్వ. సగం అనే మాట చేతికి తెలుస్తుంది. పలక ఎక్కడికీ పోదు. మార్కాపురం పలక మీద బలపం పట్టి రాసినవాళ్లమే మనమందరం, నాకూ దానిమీద ప్రేమే. కానీ బలపం పట్టాల్సిన వేళ్లకి ముందు పిండి పిసికి, గింజలు ఏరి, మూతలు తిప్పి బలం రావాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతోనే నేర్పమంటుంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన జాదుయీ పిటారా అనే పెట్టె ఆ వయసు వాళ్లకే. అందులో బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు ఉంటాయి. ఈ కబురు మీవారికి చెప్పినా గొడవ తగ్గుతుందని నేననుకోను. నీళ్ల గ్లాసుల పరీక్షకే పడిపోతారు.

ప్రశ్న: మాది ఒక్క టీచరే ఉన్న బడి. అయిదు తరగతులూ నేనే. బొమ్మలు కొనే స్తోమత ఊరికీ లేదు, బడికీ లేదు.
– కనిగిరి వైపు నుంచి

జవాబు: సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు (సన్నటి రబ్బరు గొట్టం) కొన్ని రూపాయలకే వస్తుంది. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, కాలిపోయిన అగరుబత్తి పుల్లలు చివర్లలో దూర్చితే మూలలు అతుక్కుంటాయి. అరవింద్ గుప్తా ఐఐటీ కాన్పూరులో ఇంజినీరింగ్ చదివి, పారేసిన వస్తువులతో బొమ్మలు చేయడమే పనిగా పెట్టుకున్నాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలతో, వాల్వ్ ట్యూబుతో ఈ పని నేర్పింది ఆయనే. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం చేసి పిల్లల చేతికివ్వండి. చతురస్రం నొక్కితే పక్కకి వాలిపోతుంది, త్రిభుజం కదలదు. ఎందుకు అని మీరు అడగొద్దు. కరెంటు టవర్ల దగ్గరికి తీసుకెళ్లి పైకి చూడమనండి చాలు.

చిన్నవాళ్లు ఆకారాలు, పెద్దవాళ్లు కోణాలు. ఒకే పుల్లలతో అయిదు తరగతులూ నడుస్తాయి.

ప్రశ్న: మా అంగన్‌వాడీకి ఊళ్లోవాళ్లు పాత బొమ్మలు ఇస్తున్నారు. అన్నీ తీసుకోవచ్చా?
– అంగన్‌వాడీ కార్యకర్త, నెల్లూరు జిల్లా

జవాబు: వద్దు. మొహమాటపడకండి. లైట్లు వెలిగేవి, పాటలు పాడేవి తిప్పి చూడండి, బటన్ బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే వెనక్కిచ్చేయండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతులో కాలుతుంది. మింగిందేమోనని అనుమానమొచ్చినా చాలు, వాంతి చేయించే పని పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. మూడేళ్లలోపు వాళ్లకి నోట్లో పట్టే ముక్క ఏదీ ఇవ్వొద్దు. రంగు పెచ్చులూడేవి వద్దు. కొత్తవి కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. దాతలు నొచ్చుకుంటారంటారా? ఉదయగిరి చెక్క గరిటెలు రెండు తెచ్చివ్వమనండి, గట్టిగా ఉంటాయి. మట్టి వంటలకీ, డప్పుకీ, బండికీ, గుర్రానికీ పిల్లలు వాటినే వాడతారు.

ప్రశ్న: నా దగ్గర మా అమ్మ నాటి వామనగుంటల పీట ఉంది. మనవడి బడికి ఇద్దామనుకుంటున్నా. సెల్‌ఫోన్ల కాలంలో దాని వైపు చూస్తారంటారా?
– ఒక తాతగారు, పొదిలి

జవాబు: చూస్తారు బాబుగారూ, కానీ పీట ఒక్కటే పంపితే చూడరు. మీరూ వెళ్లాలి. పద్నాలుగు గుంటల్లో గింజలు పంచుకుంటూ పోవడం భాగహారమే కదా. చివరి గింజ ఏ గుంటలో పడుతుందో తీసేముందే చెప్పమనండి, అక్కడ మెదడు పరుగెత్తుతుంది. రెండో తరగతి వాళ్లు వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు, నాలుగో తరగతి వాళ్లు కళ్లతోనే చెప్పేస్తారు. మొదటి ఆటలో కావాలని ఓడిపోకండి. వాళ్లకి తెలిసిపోతుంది, ఇంక మీతో ఆడరు.

చింతగింజలు మాత్రం మీరు తీసుకెళ్లొద్దు. తలా ఒక గుప్పెడు తెమ్మని పిల్లలకే చెప్పండి. ఎవరి గుప్పెట్లో ఎన్నున్నాయో తేల్చుకునేసరికి మొదటి పీరియడ్ బెల్లు కొడుతుంది.